కేకవేటు దూరం

ఈదురుగెడ్డ అనే ఏటి మీద ఆనకట్ట లేచిన ఏడాది, నీళ్ళలో మునగబోతున్న ఏటిగరువు గ్రామస్థులందరినీ ప్రభుత్వం గింజలుగా మార్చి, చెట్లూ మొక్కలూ తమ గింజల్ని పంపుకునే పద్ధతిలోనే నలుదిక్కులకీ పంపించింది.

ఇందులో ముక్కున వేలేసుకోవలసిందేమీ లేదు. అంతకుముందు మునిగిన ఊళ్ళకి కాలనీలు కట్టి చూశారు. గోడలు లేపిన చోట కప్పు మరిచిపోయారు, కప్పు వేసిన చోట బావి మరిచిపోయారు, బావి తవ్విన చోట నీళ్ళు మరిచిపోయారు. చివరికి ఒక పెద్ద సమావేశంలో ఒక పెద్దాయన విసుగెత్తి కిటికీలోంచి బయటికి చూస్తే, గాలికి బూరుగుదూది పింజ ఒకటి తేలిపోతూ కనపడిందట. "ఆ చెట్టు తన పిల్లలకి ఏ కాలనీ కట్టింది?" అని ఆయన అడిగాడు. అలా వ్యాప్తి శాఖ పుట్టింది.

శాఖవాళ్ళు ఏటిగరువు బడిని ఆఫీసు చేసుకుని వరండాలో వరసగా బల్లలు వేశారు. గాలి బల్ల, నీటి బల్ల, పక్షి బల్ల, పశువు బల్ల, పేలుడు బల్ల. మనిషిని ఎగాదిగా చూసి, తూచి, నాలుగు మాటలడిగి, ఏదో ఒక బల్లకి పంపేవారు. జనం గొడవ చేశారు, చెయ్యలేదని కాదు. అయితే గింజలైపోతున్నందుకు కాదు. తమకి మంచి బల్ల పడలేదని గొడవ.

భూములున్న ఆసాములకి నీటి బల్ల పడింది. వాళ్ళు కొబ్బరికాయలయ్యారు. పైన పీచు, లోపల చిప్ప, దాని లోపల తినడానికి కొబ్బరి, తాగడానికి నీళ్ళు, అన్నీ అమర్చి సాగనంపారు. ఆనకట్ట దగ్గర ధర్నాకి కూర్చున్న కుర్రాళ్ళని పేలుడు బల్లకి రాశారు. ఎండిన కాయ టప్పున పగిలి గింజని ఎంత దూరం విసరగలదో అంత దూరమూ విసరాలని వాళ్ళ విషయంలో ప్రత్యేకంగా ఉత్తర్వు వచ్చింది. ముసలివాళ్ళది పక్షి బల్ల. "కాకి కడుపులోంచి పోవాలేటి బాబూ?" అని ఒక తాత కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నీ పింఛను కాగితం ఎన్ని కడుపుల్లోంచి దాటి వచ్చిందో నీకు తెలుసా తాతా? అయినా వచ్చిందా లేదా?" అని వ్యాప్తి అధికారి ఓదార్చాడు. తాత కాసేపు ఆలోచించి, అదీ నిజమేనని వెళ్ళి వరసలో నిలబడ్డాడు. సర్పంచి వెనక ఎప్పుడూ తిరిగే నలుగురు మాత్రం ఏ బల్ల దగ్గరికీ పోకుండానే ఉత్తరేణి గింజలైపోయి, చూడవచ్చిన మంత్రిగారి పంచె అంచుకి అంటుకుని రాజధాని చేరుకున్నారు. దేనికైనా పెట్టి పుట్టాలి.

మారడంలో కష్టమేమీ లేదు. బల్ల ముందున్న పీట మీద కూర్చోవాలి. గుమాస్తా పారినాయుడు ఇంటిపేరుతో మొదలుపెట్టి పేరు మొత్తం పిలిచేవాడు. పిలవడం పూర్తయ్యేసరికి పీట మీద గింజ ఉండేది. బట్టలు మడతపెట్టి పక్కన ఉంచేవారు. ఆ తరవాత ఆ పేరుతో ఎవరికీ పని లేదు గనక శాఖ దాన్ని ఎక్కడా దాచలేదు. గింజకి జాతే ఉంటుంది గానీ పేరుండదు.

మజ్జి తవిటమ్మకి గాలి పడింది. ఎండిన కట్టెపుల్లలాంటి మనిషి, తూనిక ముల్లు ఆమెని చూసి కదలడానికి బద్ధకించింది. జిల్లేడు కింద రాశారు. ఆమె చెల్లెలు పైడితల్లికి పశువు పడింది. తుమ్మగింజై, కాయలో ఉండి, మేక నోట పడి, అది ఎక్కడ నెమరువేస్తూ ఉమ్మితే అక్కడ మొలవాలి. జిల్లేడు గింజ గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది. మేక దాని ఇష్టం. అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఒకచోట పడతారన్న ఆశ లేదు.

తవిటమ్మ హడలిపోయింది. ఊరు మునిగిపోతుందన్నప్పుడు కూడా ఆమె అంతగా బెదరలేదు. తల్లి పోయేనాటికి పైడి పాలు మరవని పిల్ల. అప్పుడు అక్క చంకనెక్కింది, అంతే, మళ్ళీ దిగలేదు. ఇద్దరినీ ఒకే ఇంటి అన్నదమ్ములకి ఇచ్చారు. చెల్లెలు లేకుండా పీటల మీద కూర్చోనని తవిటమ్మ మొండికేసిందనీ, పైడి ఈడేరేదాకా మగపెళ్ళివారు గుమ్మంలో చెప్పులు పెట్టుకుని కూర్చున్నారనీ ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవారు. ఆ అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు జ్వరం తగిలి పోయారు. పిల్లలు లేరు. మిగిలింది ఒక కుండ, ఒక పొయ్యి, ఇద్దరు ఆడవాళ్ళు.

పైడి అమాయకురాలు. కడుపులో మాట దాగదు. ఆ పక్క అక్కని అప్పా అంటారు. తెల్లారి లేచింది మొదలు "అప్పా" అని కేకేసేది. ఏమిటే అంటే, "ఏటీ నేదప్పా, ఊరకే" అనేది. ఆ ఊరకే పిలిచే పిలుపు వినకుండా తవిటమ్మ బతుకులో ఒక్క పూట గడవలేదు.

ఆమె వెళ్ళి వ్యాప్తి అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. అధికారి మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. పీట చూపించి, మళ్ళీ తప్పు గ్రహించి, నేల చూపించాడు.

"బాబూ, మాయిద్దర్నీ ఒక్క కాయలో ఎట్టీండి. సిక్కుడుకాయలో గింజలు ఒకదాని పక్కనొకటి పడుకుని ఉంతాయి గదా. ఏ కాయైనా పరవానేదు," అంది తవిటమ్మ.

"కాయలో పక్కపక్కనే ఉంటాయమ్మా. కాయ పగిలాక?"

అధికారి ఓపికగా విడమరిచి చెప్పాడు. చెట్టు ఒక గింజకి రెక్క పెడుతుంది, ఒకదానికి ముల్లు పెడుతుంది, ఒకదాని చుట్టూ తీపి పెడుతుంది. ఎందుకు? తన దగ్గర ఉండొద్దని. తల్లి కింద పడ్డ గింజని తల్లి నీడే చంపేస్తుంది. తోడబుట్టినవి పక్కపక్కన మొలిస్తే ఒకదాని వెలుగు ఒకటి తింటుంది, ఒకదాని నీళ్ళు ఒకటి తాగేస్తుంది. విడిపోవడమే క్షేమం. ఇది శాఖ పెట్టిన నిబంధన కాదు, సృష్టిలో ఉన్నదే.

"నా నీడలో అది ఇన్నేళ్ళూ బతికింది గదా బాబూ."

"మనిషిగా బతికిందమ్మా. మా శాఖ గింజల సంగతి మాత్రమే చూస్తుంది."

చెవిటివాడి ముందు శంఖమూదడం ఎందుకని ఆమె లేచి వచ్చేసింది. మెట్ల దగ్గర పారినాయుడు ఎదురై, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎలుగూ నీడా అన్నది పైకి సెప్పే మాటమ్మా. ఒక్కూరి గింజలన్నీ ఒక్కసోట పడితే తోపయిపోద్ది. తోపయితే మాటలాడుకుంటాయి. మల్లీ దరనాలూ అవీ. అదీ సంగతి." ఇంత చెప్పినందుకు తనే భయపడి, బీడీ వెలిగించుకోబోయి పుల్ల తిరగేసి గీశాడు.

ఇక్కడ ఏటిగరువు ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో విత్తనం అడిగి పుచ్చుకోరు. అడిగి తెచ్చిన విత్తు మొలవదని, దొంగిలించిందే మొలుస్తుందని వాళ్ళ నమ్మకం. బీరగింజలు కావాలంటే పక్కింటి చూరులోంచి, ఆనపగింజలు కావాలంటే ఎదురింటి అటక మీదనుంచి ఎత్తుకొచ్చుకునేవారు. దానికి పద్ధతి ఉంది. వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, "పిల్లేదో దూరినట్టుందే" అనాలి. ఇంటావిడ "ఏదీ, ఏదీ" అంటూ అటు తిరిగిపోవాలి. దొంగ కూడా తీసేటప్పుడు గింజ వైపు చూడకూడదు. మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి చాపి, అందినది పిడికిట్లో పెట్టుకోవాలి. మట్టిలో వేసేదాకా పిడికిలి విప్పకూడదు. చూస్తే గింజకి దిష్టి. చూసిన గింజ మొలవగా ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఈ విద్యలో ఆరితేరినది పక్కింటి బోడెమ్మ. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి, నోరు మాత్రం సంతంత ఉండేది. తవిటమ్మ చూరులో దాచిన గింజల్లో సగం బోడెమ్మ పెరట్లోనే మొలిచేవి. దడి కాడ ఇద్దరికీ ఏడాదికోసారైనా జుట్టూ జుట్టూ ముడిపడేది. పైడి మధ్యలో నిలబడి ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చేది.

పీట పిలుపు తవిటమ్మకి ముందు వచ్చింది. ఆ పొద్దున ఆమె చెల్లెలి తల దువ్వి, ముడి గట్టిగా బిగించి, చెవిలో చెప్పింది.

"నాను గింజైపోనాక నన్ను దొంగిలించీ. పిడికిట్లో ఎట్టుకుని నీ బల్లకాడ కూకో. నువ్వెక్కడికెల్తే నానూ అక్కడికే."

"ఓలప్పా! నిన్ను నాను దొంగిలించాలేటి?"

"దొంగిలిత్తేనే మొలుత్తానే. పద్ధతి తప్పకు. సూసీవు సుమా, సూత్తే ఇద్దరం పోతాం."

"సూడనప్పా. నీ మీదొట్టు."

తవిటమ్మ పీట మీద కూర్చుంది. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. అంతే, ఆమె గాలి బల్ల మీది చేటలో ఉంది, నెత్తిన తెల్లటి పట్టుకుచ్చుతో, నల్లగా చిన్నగా. గింజకి కళ్ళుండవు గానీ కనపడుతుంది. ఎలాగన్నది శాఖ ఇంకా తేల్చలేదు. పైడి స్తంభం పక్కన నిలబడి అక్కని ఎక్కడ పెట్టారో గుర్తు పెట్టుకుంటూ ఉంది. కుడివైపు చివర, చేట అంచున. పైడి పెదవులు కదులుతున్నాయి, మరిచిపోకుండా వల్లె వేసుకుంటున్నట్టు.

ఆ తరవాత పిలిచిన పేరు బోడెమ్మది. ఆమె కూడా గాలే, ఆమె కూడా జిల్లేడే. పారినాయుడు ఆ గింజని వెయ్యడానికి చోటు చాలక చేటని ఒక్కసారి ఇటు కుదిపాడు. చేట కుదపడం గుమాస్తాలు రోజూ చేసే పనే. తవిటమ్మ జానెడు దూరం జారి మధ్యలోకి పోయింది. అంచున బోడెమ్మ కూర్చుంది. ఆ క్షణాన పైడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉంది.

పశువు బల్లకి పోయే దారి గాలి బల్ల పక్కనుంచే. పైడి వచ్చి చేట దగ్గర ఆగింది. పద్ధతి తప్పలేదు.

"బాబూ, పిల్లేదో దూరినట్టుంది," అంది.

పారినాయుడిది ఆ చుట్టుపక్కల ఊరే. అతని తల్లీ ఇలాగే బతికింది, ఇలాగే విత్తింది. అతనికి అర్థమైపోయింది. "ఏదీ?" అని లేచి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు, తొందరేం లేదన్నట్టు. పైడి కూడా మొహం తిప్పుకుని చెయ్యి చాపింది.

ఆ చెయ్యి తవిటమ్మ మీదుగా వచ్చింది. కత్తిపీట మీద తెగి కుట్లు పడ్డ బొటనవేలు, తాను పసుపు పెట్టి కట్టు కట్టిన వేలు. ఆ వేలు తవిటమ్మ కుచ్చుని తాకింది, తాకి దాటిపోయింది. వెళ్ళి అంచున ఉన్న గింజ మీద మూసుకుంది. అటు కాదే, ఓసి పిచ్చిదానా, ఇటు, ఇటు! తవిటమ్మ గుండె పగిలేలా అరిచింది. గింజ అరుపు గింజకే వినపడదు, ఇంక మనిషికేం వినపడుతుంది. పారినాయుడు ఒక్కసారి తిరిగి చూసినా చాలు, పైడి ఒక్కసారి కళ్ళు దించినా చాలు. ఇద్దరూ మంచివాళ్ళు. ఇద్దరూ చూడలేదు.

పైడి పిడికిలి గుండెకి ఆనించుకుని పీట మీద కూర్చుంది. ఆమె ముఖంలో అంత నిబ్బరం తవిటమ్మ ఎప్పుడూ ఎరగదు. పేరు పిలవడం అయ్యేసరికి పీట మీద ఒక తుమ్మగింజ, దాని బంకకి అతుక్కుని ఒక జిల్లేడు గింజ ఉన్నాయి. అతుక్కున్నదాన్ని విడదీయమని నిబంధన ఏదీ లేదు గనక పారినాయుడు రెంటినీ కలిపే మేకల గంపలో వేశాడు. అక్కాచెల్లెళ్ళని కలిపిన పుణ్యం దక్కిందని ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యతో చెప్పి, రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడట.

తవిటమ్మని బడి డాబా మీదనుంచి గాలికి వదిలారు.

గాలి ప్రయాణం గురించి చెప్పుకోవలసింది తక్కువ. గింజ ఏడవలేదు, ఆగమనలేదు. కింద ఊరు చిన్నదవుతూ పోయింది, దాని మీద ఎర్రనీళ్ళు పాకుతూ వచ్చాయి. ఎన్నో పొలాలు దాటి, కొండలు దాటి, గాలికి విసుగొచ్చినచోట ఆమె రాలిపోయింది. అది ఒక పట్నం పొలిమేర, లారీలు పోయే పెద్ద రోడ్డు. రోడ్డు నడుమ కట్టిన సిమెంటు దిమ్మెల మధ్య దోసెడు మట్టి ఉంది. అందులో మొలిచింది.

'నీ ఇంట జిల్లేళ్ళు మొలవా' అని తిట్టుకునే ఊరిలో పుట్టిన మనిషి తానే జిల్లేడై మొలవడం మొదట్లో సిగ్గనిపించింది. తరవాత అలవాటైంది. జిల్లేడుని ఆవు ముట్టదు, మేక ముట్టదు, రథసప్తమినాడు తప్ప మనిషి తలుచుకోడు. ఏడాదికోసారి మునిసిపాలిటీ మనుషులు వచ్చి, రోడ్డుకి అడ్డమొచ్చిన మేరకి కొమ్మలు నరికి పోయేవారు. ఆ రోడ్డు పొడుగునా మొలిచినవన్నీ ఇలా వచ్చినవే, ఏదో ఒక గెడ్డ కిందనుంచో, ఏదో ఒక గని కిందనుంచో. లారీకీ లారీకీ మధ్య దొరికిన సందులో ఊరి పేర్లు చెప్పుకునేవి. ఏటిగరువు పేరు ఎవరూ చెప్పలేదు.

రోడ్డుకి ఆవలివైపు మాంసం మార్కెట్టు ఉంది. దాని వెనక గోడ పొడుగునా, వంతు వచ్చేదాకా మేకల్ని కట్టేస్తారు. రెండో వానాకాలం వెళ్ళిన తరవాత ఒక పొద్దున, ఆ గోడ మొదట్లోంచి తవిటమ్మకి ఒక పిలుపు వినపడింది.

"అప్పా!"

"ఊఁ."

"ఏటీ నేదప్పా, ఊరకే."

తవిటమ్మ ఆకులన్నీ నిలబడిపోయాయి. ఒక చిన్న తుమ్మమొక్క, ఆకులకన్నా ముళ్ళే ఎక్కువ. దాన్ని ఒరుసుకుని పచ్చగా ఏపుగా ఒక జిల్లేడు. ఓలమ్మో, బతికుంది! నా పిల్ల బతికుంది! సంతోషం వేళ్ళదాకా పాకింది. పాకిన వెంటనే మండింది. 'ఊఁ' అంటున్నదెవరు? ఓసి బోడీ, నీ దుంప తెగ, నా చూరులో గింజలు చాలక నా చెల్లెల్ని కూడా ఎత్తుకుపోయావే! మొక్కలకి గొంతు ఆకులతోనే వస్తుంది. జిల్లేళ్ళన్నిటిదీ ఒకటే గొంతు. బోడెమ్మ 'ఊఁ' అన్నా, తవిటమ్మ 'ఊఁ' అన్నా పైడికి ఒకటే.

నోరు విప్పి పిలవబోయిన తవిటమ్మని పక్కనున్న తంగేడు అడ్డుకుంది. "ఎవరే ఆళ్ళు, నీవాళ్ళా? అయితే నోరు మూసుకో. తనిఖీ వొత్తంది."

తంగేడు చెప్పింది ఇదీ. శాఖ పంపించి ఊరుకోదు, మొలక తనిఖీ కూడా చేస్తుంది. ఒకే ఇంటివాళ్ళు కేకవేటు దూరంలో మొలిచారని తేలితే, ఇద్దరిలో బలహీనమైనదాన్ని వేళ్ళతో సహా పీకేస్తారు, రెండోది బాగా ఎదగడం కోసం. పేర్లు ఎక్కడా దాచలేదు గనక మొక్కల్నే అడుగుతారు. మొక్క ఏది చెబితే అదే రాసుకుంటారు. కిందటి తనిఖీలో రెండు వేపమొక్కలు, అన్నదమ్ములు, అడగ్గానే సంతోషంగా అవునన్నారట. ఇప్పుడక్కడ ఒక్క వేప ఉంది. దాని నోటివెంట మళ్ళీ మాట రాలేదు.

తవిటమ్మకి కాళ్ళూ చేతులూ ఉంటే చల్లబడిపోయి ఉండేవి. తనని గురించి కాదు. ఆ గోడ కింద ఉన్నది పైడి. కడుపులో మాట దాగని పైడి. పక్కనున్నదెవరని అడిగితే మా అప్ప అనేస్తుంది. రెంటిలో బక్కది తుమ్మే. దాన్నే పీకుతారు. అక్క కానిదాన్ని అక్క అన్నందుకు పీకేస్తారు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, గొడుగు వేసుకుని, వెనక గునపం పట్టుకున్న మనిషితో. ముందు గోడవైపే మొదలుపెట్టాడు. తుమ్మమొక్క ముందు ఆగాడు.

"నీ పక్కనున్నది ఎవరు? మీ ఇంటివాళ్ళా?"

లారీ ఒకటి పోయింది. బస్సు ఒకటి పోయింది. తవిటమ్మ ఏ దేవుణ్ణి మొక్కుకోవాలో తెలియక అందరినీ మొక్కుకుంది.

"ఎవులో బాబూ," అంది పైడి. "ఏ ఊరిదో. నానెరగను."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. అది నిజమని ఆమెకి తెలియదు. తెలిసిన బోడెమ్మ, తన వంతు వచ్చినప్పుడు, "నాకెవులూ నేరు బాబూ," అని ఉన్నమాట చెప్పింది. ఇన్‌స్పెక్టరు రోడ్డు దాటి దిమ్మెల దగ్గరికి వచ్చాడు. తవిటమ్మ కూడా లేరంది. ముగ్గురి మాటలూ రాసుకుని, గునపం ఎత్తే పని లేకుండా ఆయన సాగిపోయాడు.

గొడుగు కనుమరుగైందో లేదో గోడ కింద ఏడుపు మొదలైంది. "అప్పా, నిన్నెవులో అన్నీసినానప్పా. నా నోరు పడిపోను. నువ్వు సెప్పమన్నావని అన్నీసినాను గానీ."

"ఊరుకోయే," అంది బోడెమ్మ. "నానూ అన్నాను గదా. మనం బతకాల గదే. నువ్వు బాగా సెప్పినావు. ఏడవకు, ఉన్న రెండాకులూ రాలిపోతాయి." దడి కాడ పూనకమొచ్చినట్టు అరిచే మనిషి, పసిపిల్లని జోకొట్టినట్టు చెబుతూ ఉంది. ఎండ పైడి మీద పడకుండా తన వెడల్పాటి ఆకు ఒకటి వంచి పెట్టింది. తవిటమ్మ అక్కడ ఉన్నా అంతే చేసేది. అదే ఆమెకి భరించలేనిదైంది. దొంగ చేతిలో తన సొత్తు పాడైతే తిట్టిపొయ్యవచ్చు. భద్రంగా ఉంటే ఏం చేస్తాం? ఏడుద్దామంటే జిల్లేడుకి పాలు తప్ప నీళ్ళు లేవు, అవీ ఎవరైనా తుంపితే గానీ రావు.

పిలవాలని ఆమె అనుకోని రోజు లేదు. ఒక్క మాట చాలు: పైడీ, నానే అప్పని. ఆ తరవాత జరిగేదీ ఆమెకి తెలుసు. పైడి రోడ్డు ఇవతలికి పొద్దస్తమానం కేకలేస్తుంది. వచ్చే తనిఖీలో, కేకవేటు దూరంలో ఏటా నరికించుకుని మోడైన తవిటమ్మనే పీకుతారు. పోతే పోయింది, తన ప్రాణానికి అంత ఖరీదు లేదు. కానీ అప్పని తన నోటితోనే చంపుకున్నానని పైడి బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది. పక్కనున్నది అప్ప కాదని కూడా అప్పటికి తెలిసిపోయి ఉంటుంది. ఒక్క మాటతో ఇద్దరు అక్కల్ని పోగొట్టుకుంటుంది. అందుకని తవిటమ్మ ఊరుకుంది. రోజూ పొద్దున్నే "అప్పా" అని వినపడగానే, ఆకు కదలకుండా, లోపలే "ఊఁ" అనుకునేది.

తనిఖీలు వస్తూ ఉన్నాయి. అబద్ధం కూడా అన్నంలాంటిదే, రోజూ తింటే అరుగుతుంది. పైడి ఇప్పుడు "ఎవులో బాబూ" అని తడుముకోకుండా అంటోంది, అన్నాక ఏడవడం లేదు. ఆ రోడ్డు పొడుగునా అన్ని మొక్కలదీ అదే మాట. తల్లి పక్కన బిడ్డ ఎవరో అంటుంది, బిడ్డ పక్కన తల్లి ఎవరో అంటుంది. ఇంతమంది ఇంత తొందరగా కుదురుకున్నందుకు శాఖకి మంచి పేరు వచ్చింది. ఇతర రాష్ట్రాలవాళ్ళు వచ్చి చూసి పోతున్నారు.

ఈ ఏడు ఇన్‌స్పెక్టరు కొత్తగా ఇంకో ప్రశ్న కూడా తెచ్చాడు. తవిటమ్మ ముందు గొడుగు దించి నిలబడ్డాడు.

"బంధువులు?"

"నేరు బాబూ."

"పూర్వం ఉండేవారా?"

ఈ ప్రశ్నకి ఎవరూ ఆమెకి జవాబు నేర్పలేదు. రోడ్డు మీద ఆ క్షణాన బండి ఏదీ లేదు, ఇవతలి మాట అవతలికి వినపడుతుంది. ఆమె ఎక్కువసేపు తీసుకోలేదు.

"పూర్వం కూడా నేరు బాబూ. నాకెప్పుడూ ఎవులూ నేరు."

ఇన్‌స్పెక్టరు మొదటిసారి నవ్వాడు. అలా చెప్పినవాళ్ళనే శాఖ పూర్తిగా స్థిరపడ్డవాళ్ళ కింద జమకడుతుంది. ఇక మీద ఈ మొక్కని తనిఖీ చెయ్యనక్కర్లేదని వెనకున్న మనిషికి చెప్పి, ముందుకి సాగాడు.

గోడ కింద తుమ్మ అంతా విన్నది. ఆయన దూరమయ్యేదాకా ఆగి, పక్కకి వంగి మెల్లగా అంది.

"పాపం అప్పా, ఆ రోడ్డు మీద దానికి పుట్టినకాడినుంచీ ఎవులూ నేరంట. ఎలా బతుకుతందో. మనం ఇద్దరమున్నాం గదా, అదురుట్టమే."

బోడెమ్మ ఆకులు రోడ్డు వైపు తిరిగాయి.

"అప్పా?"

"ఊఁ," అంది బోడెమ్మ.